గరాజ్‌లో కొండమీది ఊరు

కలోజెరో గారింట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్న కొత్తలో నిఖిలకు ఒక సంగతి అంతుపట్టలేదు. రెండు కార్లు పట్టే గరాజ్ ఉండగా ఆ ముసలాయన తన కారును ఏడాది పొడుగునా బయటే ఎందుకు వదిలేస్తాడని. కెనడాలో టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో ఆ వీధి వీధంతా మీట నొక్కి గరాజ్ తలుపు తెరిచి హాయిగా ఆఫీసులకు పోతుంటే, ఎనభై దాటిన ఆ మనిషి మాత్రం పార పట్టుకుని, మంచులో పూడిపోయిన కారును తవ్వి తీసుకునేవాడు.

"లోపల ఏదో దాచాడే ఈ తాత. మనకెందుకొచ్చిన గొడవ, వేరే ఇల్లు చూసుకుందామా?" అనేది తేజశ్రీ. తేజశ్రీది భీమవరం. నిఖిలతో పాటే అదే కాలేజీలో చేరి, అదే గదిలో ఉంటోంది.

ఒకరోజు పొద్దున బస్సు కోసం బయటికి వచ్చిన నిఖిలకు ఆయన పార మీద వాలి ఆయాసపడుతూ కనిపించాడు. "ఇటియ్యుండ్రి అంకుల్" అంటూ తెలుగులోనే పార లాక్కుంది. ఆయనకు భాష అర్థం కాకపోయినా పని అర్థమైంది. మంచు తీసేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆయన ఆమెను వంటింట్లోకి పిలిచి, బొటనవేలంత కప్పులో చేదు కాఫీ పోసి ఇచ్చాడు. తాగాక, ఏదో నిర్ణయించుకున్నట్టు లేచి, వంటింట్లోంచి గరాజ్‌లోకి వెళ్లే తలుపు తీసి లైటు వేశాడు.

లోపల కొండ ఉంది.

నడుము ఎత్తు బల్లల మీద మొదలై పైకప్పు దాకా లేచిన కొండ. సీసా బిరడాలు చేసే చెట్టు బెరడుతో రాళ్లు, సున్నపు ముద్దతో గోడలు, గోరంత పెంకులతో ఇళ్ల కప్పులు. కొండ చుట్టూ మెలికలు తిరిగిన సందులు, మెట్లు, మెట్ల మీద ఆరేసిన గుడ్డలు. అన్నిటికీ పైన విరిగిన కోట. దాని కింద తేనెరంగు చర్చి.

క్రిస్మస్‌కి బాలయేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పేర్చడం వాళ్ల ఆచారమట. భార్య బతికున్న రోజుల్లో ఒక ఏడాది పాక వెనకాల తమ ఊరి కొండను కాస్త కట్టాడట. మరుసటేడు కోట కట్టాడు. ఆ పైన చర్చి. ఏటేటా ఊరు పెరుగుతూ వచ్చింది, పాక ఓ మూలకు ఒదిగిపోయింది. భార్య పోయిన ఏడాది నుంచి దాన్ని విప్పి అట్టపెట్టెల్లో సర్దడం మానేశాడు.

"సిసిలీలో మా ఊరు. కల్తబియాంకా" అన్నాడు.

నిఖిలకు నవ్వొచ్చింది. ఎందుకని అడిగితే, తమ భాషలో కల్తీ అంటే పాలల్లో నీళ్లు కలపడమని చెప్పింది. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "కల్తా మా మాట కాదు. వెయ్యేళ్ల కిందట మమ్మల్ని ఏలిన అరబ్బులది. కోట అని అర్థం. వాళ్లు గొంతులోంచి పలికేవాళ్లట, ఖలా అని" అన్నాడు.

నిఖిల నవ్వు ఆగిపోయింది. "ఖిల్లా! మా దగ్గర కోటను ఖిల్లా అంటారు" అంది.

"మీ దగ్గరా?"

"మా దగ్గరికి కూడా వచ్చారు కదా వాళ్ల భాష తెలిసినవాళ్లు."

ఆయన ఆమెను కొత్తగా చూశాడు. "అంకుల్ వద్దు. నోన్నో అను. మాకు తాత అంటే నోన్నో" అన్నాడు.

సాయంత్రం తేజశ్రీని తీసుకొచ్చి చూపిస్తే, "అమ్మో, ఇది బొమ్మల కొలువే! మా అమ్మమ్మ చూస్తే కుళ్లుకుని చస్తుంది" అంది ఆ పిల్ల. ఇల్లు మారదామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ చలికాలం గడిచేసరికి నిఖిల ఆ కొండను వేలితో ఎక్కడం నేర్చుకుంది. కింద గోడలో ఉన్న ద్వారం పేరు సారసెన్ల ద్వారం, అంటే అరబ్బులదే. కొండను పట్టుకోవడానికి నార్మన్ దొరలు గుర్రాల మీద వచ్చినప్పుడు, లోపలివాళ్లు ఆ ద్వారం దగ్గరే ఆఖరిదాకా నిలబడ్డారట. గెలిచినవాళ్లు కోటను పడగొట్టకుండా దాని మీదే తమ బురుజులు కట్టుకున్నారు. "ఒక పక్క అరబ్బు రాయి, ఒక పక్క నార్మన్ రాయి. వాన వస్తే రెండూ ఒకేలా తడుస్తాయి" అనేవాడు కలోజెరో. కోట నుంచి కిందికి దిగితే యూదుల సందు. ఏనాడో ఒక రాజు వెళ్లిపొమ్మని ఉత్తరువు వేస్తే సందు సందంతా ఇళ్లకు తాళాలు వేసుకుని ఓడలెక్కింది. మనుషులు లేకపోయినా సందుకు పేరు మాత్రం వాళ్లదే నిలిచింది. దాని పక్కన ఊరి జమీందారు బారన్ గారి మేడ. దాని బాల్కనీని మోస్తూ నోళ్లు తెరిచిన రాతి ముఖాలు. చిన్నప్పుడు ఆ కింద నుంచి పోవాలంటే పిల్లలు కళ్లు మూసుకుని పరుగెత్తేవారట.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది చర్చి. ఊళ్లో దాన్ని తల్లి గుడి అంటారు. పెద్ద భూకంపంలో పాతది నేలమట్టమైతే, బతికిన జనం గాడిదల మీద, ఆడవాళ్ల నెత్తుల మీద రాయి మోసి మళ్లీ కట్టుకున్నారు. ఆ రాయి సాయంత్రం ఎండకు తేనెలా మెరుస్తుందట. చర్చి ముందు చౌరస్తా. చౌరస్తాలో సింహం నోట్లోంచి నీళ్లు కారే ఫౌంటెను.

కొండ కింద ఒకచోట మాత్రం ఆయన వేలు ఆగేది కాదు. అక్కడ గంధకం గని నోరు ఉంది. పదేళ్లప్పుడు అందులోకి దిగి నెత్తిన రాయి మోశాడు. గని మూతబడ్డాక ఊరు ఖాళీ అవడం మొదలైంది. కలోజెరో ఓడెక్కి హాలిఫాక్స్ రేవులో దిగాడు, టొరంటో చుట్టుపక్కల ఇటుకలు పేర్చి బతికాడు, ఇల్లు కట్టుకున్నాడు, కూతురిని చదివించాడు.

"మీ ఊళ్లో ఏమున్నాయి?" అని ఒకరోజు ఆమెనడిగాడు.

"ఏమీ లేవు నోన్నో. రిజర్వాయర్ కట్టారు. ఊరు నీళ్లలో ఉంది."

పొలానికి వచ్చిన పరిహారంతోనే తాను కెనడా వచ్చానని చెప్పలేదు. కలోజెరో చేతిలో బ్రష్ పక్కన పెట్టి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. చచ్చినవాళ్ల మాట వస్తే ఆయన అలా చేయడం ఆమె అంతకుముందు చూసింది.

కల్తబియాంకా చౌరస్తాలో ఊరివాళ్లు ఒక కెమెరా పెట్టారని, దాన్ని ఇంటర్‌నెట్‌లో ఎవరైనా చూడవచ్చని కనిపెట్టింది నిఖిలే. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం తన లాప్‌టాప్ తెచ్చి వంటింటి బల్ల మీద తెరిచేది. ఇక్కడ భోజనాల వేళకు అక్కడ సాయంత్రం. జనం చౌరస్తాలో అటూ ఇటూ షికారు తిరిగే వేళ. ఆ చూపు కోసం కలోజెరో గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి కూర్చునేవాడు. ముఖాలు ఆనకపోయినా నడకను బట్టి మనుషుల్ని పోల్చేవాడు. "ఆ కుంటుతున్నవాడు చూడు, వాళ్ల తాతా అలాగే కుంటేవాడు" అని మురిసిపోయేవాడు. చదువు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, వర్క్ పర్మిట్ బెంగలతో వారమంతా పరుగెత్తే నిఖిలకు ఆ కాసేపే ఊపిరాడేది.

రెండో చలికాలంలో, ఆమె కాలేజీలో ఉండగా, కలోజెరో కూతురు రోసాన్నా ఫోన్ చేసింది. ఆమె ఒట్టావా పక్కన కనాటాలో టెలికాం కంపెనీలో ఇంజనీరు. నెలకోసారి వచ్చి తండ్రిని చూసి పోతుంది.

"నిఖిలా, మా నాన్న ఊరి వార్త చూశావా?"

చూడలేదు. క్లాసు బయట గోడకు ఆనుకుని ఫోన్లో తెరిచింది. వారాల తరబడి వానలు పడి కల్తబియాంకా కొండ జారిపోయింది. ఊరి అంచు, చేత్తో రొట్టె తుంచినట్టు తెగిపోయి ఉంది. జనాన్ని ముందే ఖాళీ చేయించారు, ప్రాణాలు పోలేదు. చౌరస్తా పోయింది. బారన్ మేడ సగం పోయింది. తల్లి గుడి గంటల గోపురంతో సహా కూలి, ఒక్క గోడ, గోడకు అతుక్కున్న బలిపీఠం మాత్రం ఆకాశంలోకి చూస్తూ మిగిలాయి.

"ఆయన గుండె సంగతి నీకు తెలుసు కదా," అంది రోసాన్నా. "ఇప్పుడే చెప్పకు. నేనొచ్చి పక్కన కూర్చుని మెల్లిగా చెప్తాను. ఊళ్లో ఆయనకు ఫోన్ చేసేవాళ్లెవరూ మిగల్లేదు. టొరంటోలో ఆ ఊరివాళ్ల క్లబ్బుకు చెప్పొద్దన్నాను. ఇక ఆ కెమెరా ఒక్కటే. అది నీ చేతిలో ఉంది."

నిఖిల సరేనంది.

ఆ ఆదివారం కలోజెరో కోటు తొడుక్కుని వచ్చాడు. "నెట్ పనిచేయట్లేదు నోన్నో" అంది. ఆయన పర్వాలేదన్నట్టు తలూపి, కోటు విప్పి, గరాజ్‌లోకి పోయి గంటల గోపురానికి కొత్త పెంకులు అతికిస్తూ కూర్చున్నాడు. రోసాన్నాకు ఆ వారం ఆఫీసులో పని పడింది. తర్వాతి వారం మంచు తుఫాను వచ్చి రోడ్లు మూసుకుపోయాయి. ప్రతి ఆదివారమూ ఆయన గడ్డం గీసుకుని రావడం, ఆమె నెట్ లేదనడం. అన్నం ముందు కూర్చుంటే నిఖిలకు ముద్ద దిగేది కాదు.

ఒక సాయంత్రం పని నుంచి వస్తూ బస్టాపులో నిలబడి తండ్రికి ఫోన్ చేసింది. ఊరు మునిగాక ఇచ్చిన కాలనీ ఇంట్లో ఉంటున్నాడు నర్సింహ.

"బాపూ, బాపమ్మను కట్ట మీదికి ఎందుకు తోల్కపోయినవు? అందరు నిన్ను తిట్టిరి గదా."

"గిప్పుడెందుకు యాదికొచ్చింది బిడ్డా?"

"చెప్పు."

"రోజు అడిగేది. ఊరికి ఎప్పుడు పోదాం కొడుకా అని. రేపు రేపు అని ఎన్నొద్దులు చెప్పాలె? అబద్ధం చెప్పి చెప్పి నాకే బువ్వ సయించకపోయేది."

"చూసినంక నెల తిరగకముందే పాణం ఇడిచింది."

"ఇడిచింది. చూడకున్నా ఇడుస్తుండె. గానీ ఏడ్చి పోయింది. సచ్చినోళ్లను చూడకుంటే ఏడుపు రాదు బిడ్డా, లోపటనే ఉండి కాలుస్తది." ఆ వెంటనే అడిగాడు. "గక్కడ ఎవరికన్న ఏమన్నయ్యిందా?"

"ఒక తాతకు" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు రిజర్వాయర్ కట్ట మీద నిఖిల కూడా ఉంది. స్కూటర్ దిగిన బాపమ్మ, నర్సింహ తల్లి ఈశ్వరమ్మ, నీళ్ల వైపు చూసి, "మన ఇల్లు ఏ దిక్కు?" అని అడిగింది. నర్సింహ చెయ్యి చాపాడు. అంతే, ఆ ముసలమ్మ నేల మీద కూలబడి, పీనుగు ముందు ఏడ్చినట్టు శోకం అందుకుంది. నా బురుజూ, నా బొడ్రాయీ, నా పీర్ల కొట్టమా, నేను కాలుపెట్టిన గడపా అంటూ ఒక్కొక్కటీ పేరుపెట్టి పిలిచి ఏడ్చింది. చుట్టూ షికారుకొచ్చిన జనం ఫోన్లలో వీడియో తీస్తుంటే, డిగ్రీ చదువుతున్న నిఖిల సిగ్గుతో చచ్చిపోయి స్కూటర్ పక్కన తల తిప్పుకుని నిలబడింది. ఆమెకు ఆ రోజు ఏడుపు రాలేదు.

ఆదివారం వచ్చింది. కలోజెరో కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఇవాళైనా నెట్ ఉందా?"

"నెట్ ఉంది నోన్నో," అంది నిఖిల. "చౌరస్తా లేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి ఫోటో చూపించింది. ఆయన చూశాడు. కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూశాడు.

"మనుషులు?"

"ఎవరికీ ఏం కాలేదు. ముందే ఖాళీ చేయించారు."

"గంట?"

"తెలియదు నోన్నో."

"పెద్దది చెయ్యి."

పెద్దది చేసింది. ఆ మిగిలిన గోడ మీద ఆయన వేలు చాలాసేపు నిలిచింది. తర్వాత బల్ల పట్టుకుని లేచి గరాజ్‌లోకి నడిచాడు. నిఖిల భయంతో వెనకే వెళ్లింది. కోపం కొద్దీ అన్నీ విరగ్గొడతాడేమో అనుకుంది. ఆయన విరగ్గొట్టలేదు. కొండ ముందు నిలబడి, అరచెయ్యి చర్చి మీద మూతలా ఆనించి, తన భాషలో ఏదో మొదలుపెట్టాడు. ముందు మాటలే అనుకుంది. కాసేపటికి అందులో రాగం వినిపించింది. చర్చి తర్వాత మేడ, మేడ తర్వాత ఫౌంటెను. ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలుస్తున్నాడు. కన్నీళ్లు గడ్డం మీదుగా కోటు మీదకు కారుతున్నాయి. నిఖిలకు ఒక్క ముక్క తెలియదు. అయినా అదేమిటో ఆమెకు తెలుసు. కట్ట మీద రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముసలాయన భుజానికి తల ఆన్చి, బాపమ్మా అంటూ ఏడ్చింది.

చాలాసేపటికి ఆయన తేరుకున్నాడు. "ఎప్పుడు జరిగింది?"

"నెట్ లేదని నేను మొదటిసారి చెప్పిన ఆదివారానికి ముందే."

"చెప్పొద్దని రోసాన్నా అందా?"

తలూపింది.

"అది నా కూతురు. దాని భయం దానిది," అని ఆమె చెయ్యి తట్టాడు. "నువ్వు చెప్పావు. మంచిదే."

కానీ ఆ తర్వాత ఆయన మళ్లీ మనిషి కాలేదు. గరాజ్ తలుపు తీయలేదు. ఆదివారాలు గడ్డం గీసుకోలేదు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, నిఖిల వస్తే ఆమె ఊరి సంగతులు అడిగేవాడు. దారి ఎటు నుంచి వచ్చేది, బురుజు ఎవరు కట్టారు, పీర్లంటే ఏమిటి. ఆమె చెప్పేది.

"నీళ్ల కిందైనా మీ ఊరు ఉన్నట్టే కదా," అన్నాడు ఒకరోజు. "మాది పొడి అయిపోయింది."

అవునని అంటే సరిపోయేది. కానీ ఆయనకు మళ్లీ అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు. "లేదు నోన్నో. నీళ్లు వదిలేముందు మెషీన్లు పెట్టి అన్నీ కూలగొట్టారు."

ఆయన ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

మంచు కరగడం మొదలైన రోజుల్లో, నిఖిల ల్యాబ్‌లో ఉండగా తేజశ్రీ ఫోన్ చేసింది. "తాత వంటింట్లో పడిపోయారే. అంబులెన్స్ వాళ్లు తీసుకెళ్తున్నారు. నువ్వు తొందరగా వచ్చెయ్యి" అంటూ ఏడ్చింది. నిఖిల ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు.

అంత్యక్రియల రోజున చర్చిలో ప్రార్థన జరుగుతున్నంతసేపూ రోసాన్నా ఆమె వైపు చూడలేదు. తేజశ్రీ పలకరించబోతే నిఖిల ఆపేసింది. ఫోటో చూపించిన సంగతి తండ్రే చెప్పి ఉంటాడు. తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. ఇల్లు అమ్ముతున్నాం, నెలాఖరుకు ఖాళీ చేయండి అని. తేజశ్రీ బ్రాంప్టన్‌లో చుట్టాలింటికి వెళ్లిపోయింది. నిఖిల టొరంటోకు అవతల ఏజాక్స్‌లో ఒక గది చూసుకుంది.

సామాను సర్దుకుంటున్న రోజున పైనుంచి అలికిడి వినిపించి వెళ్లి చూస్తే, గరాజ్‌లో రోసాన్నా ఒక్కతే నిలబడి ఉంది. నిఖిల వెనక్కి తిరగబోయింది.

"ఇందులో మా నాన్న ఇల్లు ఏది?" అని అడిగింది రోసాన్నా, ఇటు చూడకుండానే.

"తెలియదు. ఎప్పుడడిగినా, అదేం చూడదగ్గ కట్టడమా, ఒక గది, గదిలో మేమూ మా గాడిదా అనేవారు."

ఇద్దరూ ఫోన్ లైట్లు వేసుకుని సందు సందూ వెతికారు. గాడిదలు కనిపించాయి, గదులు కనిపించాయి. ఏది ఆయనదో చెప్పేవాళ్లు లేరు. అసలు కట్టనే లేదేమో కూడా.

"నేను చిన్నప్పుడు ఒకసారి వెళ్లాను," అంది రోసాన్నా. "ఈ మెట్లన్నీ ఎక్కించారు. అక్కడ తిన్న ఐస్‌క్రీమ్ ఒక్కటే గుర్తుంది నాకు." అప్పుడు నిఖిల వైపు తిరిగింది. "నువ్వు చెప్పకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేవారు."

"ఉండేవారేమో" అంది నిఖిల. ఆ మాట తనకు తాను రోజూ చెప్పుకుంటున్నదే.

"చెప్పినప్పుడు ఏడ్చారా?"

"ఏడ్చారు. చాలాసేపు."

"మా అమ్మ పోయిన రోజున ఆయన కంట్లో నీటిచుక్క లేదు. ఆ కోపం నాకు ఇన్నేళ్లుగా ఉంది." రోసాన్నా బల్ల అంచు పట్టుకుంది. "ఏమని ఏడ్చారు?"

"వాళ్ల భాషలో... మీ భాషలో. నాకు రాదు కదా. ఫౌంటెన్ దగ్గర మాత్రం ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నారు. ఫుంతనెద్దా మియా, ఫుంతనెద్దా మియా అని."

రోసాన్నా ఆ మాటను పెదవులతో పలికి చూసుకుంది. "నా చిట్టి ఫౌంటెనూ అని," అంది. "మా అమ్మను ఆయన మొదటిసారి చూసింది అక్కడే. ఆమె బిందె పట్టుకుని నిలబడి ఉందట."

అలా అంటూనే గరాజ్ నేల మీద కూర్చుండిపోయింది. నిఖిల పక్కన కూర్చుంది. ఓదార్చాలని చూడలేదు. ఓదార్చే హక్కు తనకు ఉందో లేదో కూడా ఆమెకు తెలియలేదు.

మర్నాడు టొరంటో నుంచి కల్తబియాంకా వాళ్ల క్లబ్బు పెద్దమనుషులు వ్యాన్ తెచ్చారు. కొండ తలుపులోంచి పట్టలేదు. లోపలే పెరిగింది కదా. రంపంతో కోశారు. కోటను, చర్చిని జాగ్రత్తగా దుప్పట్లలో చుట్టి తీసుకుపోయారు, క్లబ్బు హాల్లో పెడతామన్నారు. మిగతాదానికి అక్కడ చోటు లేదట. రంపం కింద సందులు పొడిపొడిగా రాలాయి. యూదుల సందు, మేడ, మెట్లు, గని నోరు, అన్నీ అద్దెకు తెచ్చిన చెత్త డబ్బాలో పడ్డాయి. రోసాన్నా చీపురు ఎవరికీ ఇవ్వకుండా చివరి పెంకు దాకా తానే ఊడ్చింది.

సాయంత్రం రోసాన్నా నిఖిల సూట్‌కేసులను తన కారులో పెట్టి, తానే ఏజాక్స్ దాకా దింపింది. 401 హైవే మీద ట్రాఫిక్ చీమల బారులా కదులుతోంది. కొత్త ఇంటి ముందు రోసాన్నా దిగి సూట్‌కేసులు మెట్ల దాకా మోసింది. ఏదో అనబోయి, నిఖిల జాకెట్ జిప్పు గొంతు దాకా లాగి, "చలిగా ఉంది, లోపలికి వెళ్లు" అని మాత్రం అంది.

ఆమె తనను క్షమించిందో లేదో నిఖిలకు ఆ తర్వాత ఎప్పుడూ తెలియలేదు. కారు మలుపు తిరిగేదాకా నిలబడి, సూట్‌కేసులు ఒక్కొక్కటిగా లోపలికి చేర్చుకుంది.